వడ్లకు ఎండ, సీతమ్మకు చలి

బండి గేటు ముందు హారను కొట్టి కొట్టి గొంతు బొంగురు పోయింది. సామాను టాపు మీద ఉంది. మనుషులు లోపల ఉన్నారు. ఇంటి యజమాని మాత్రం ఎక్కడా లేడు.

"నానమ్మా, తాతయ్య రాడా?" అంది సాహిత్య కిటికీలోంచి తల బయటపెట్టి. తల అని పేరే గాని కనిపించేది మంకీ క్యాపు, అందులోంచి రెండు కళ్ళు.

"వస్తారులే. ముందు ఆ టోపీ తియ్యవే. ఉడికిపోతావ్."

"మహాబలేశ్వర్‌లో తియ్యొద్దన్నవ్ కద. ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేస్తున్న."

ఎడపల్లిలో ఆ పొద్దుటి ఎండకి అరుగు మీద అడుగు పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంది. మే నెల పేరులోనే మేను ఉంది కాబట్టి మేనంతా చెమటే. ఇంగ్లీషులో చెమటని స్వెట్ అంటారని కోడలు సుచిత్ర చెప్పిన రోజున, స్వెట్టరుకి ఆ పేరు పెట్టినవాడెవడో బోధన్ వచ్చి వెళ్ళిన మనిషే అయి ఉంటాడని సీతమ్మ తేల్చేసింది.

ఆవిడ స్వెట్టరు మెరూన్ రంగుది. నిజామాబాద్ బస్టాండు దగ్గర చలికాలంలో దుకాణాలు పరిచే నేపాలీల దగ్గర కొంది. డిసెంబరు చలికి పళ్ళు టకటకలాడుతున్నా వేసుకోలేదు, కొత్తది పాతబడుతుందని. ఇప్పుడు దాన్ని నిద్రపోయిన పసిపిల్లలా భుజాన వేసుకుని గేటు పట్టుకుని నిలబడింది.

"అమ్మా, సామాను మీద బాగా కప్పి కట్టేశాను. వానొచ్చినా భయం లేదు." కొడుకు దిలీప్ టాపు మీంచి తాడు లాగి ముడివేస్తూ అన్నాడు.

"మే నెల్లో వానేమిట్రా. ముందు మీ నాన్న వస్తే చాలు."

వచ్చే సూచనలు లేవు. ఎందుకంటే పొద్దున్నే జరిగిన గొడవ అలాంటిది.

తెల్లారుతూనే జగ్గారావు కల్లం నుంచి ఇంటికొచ్చాడు. కొనుగోలు కేంద్రంలో పోసిన వడ్ల కుప్ప మీద రాత్రి కప్పిన నీలం పరదాని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. "చిరిగింది. దీనికో మాటు వెయ్యి" అని అరుగు మీద పడేశాడు. సీతమ్మ దబ్బనం తెచ్చి, పసుప్పచ్చ యూరియా సంచిలోంచి ముక్క కత్తిరించి కుడుతూ ఉంటే, ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా అసలు మాట వదిలాడు.

"ధాన్యంలో తేమ తగ్గలేదుట. ఇంకో రెండెండలు పడాలన్నారు. కాంటా ఇవాళ పెట్టరు. మీరు వెళ్ళండి, నేను రాను."

దబ్బనం సీతమ్మ వేలిలో దిగింది.

"మీరు రాకుండా నేనేం చూస్తానండీ అక్కడ?"

"చలిని. చలి చూడ్డానికి నేనెందుకు?"

"వడ్లలో తేమ ఎక్కువైంది. మీలో ప్రేమ తక్కువైంది. రెండూ సరిచేసే మిషను ఆ సెంటరులో లేనట్టుంది."

అంతే. జగ్గారావు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేతులూపుకుంటూ కల్లానికి వెళ్ళిపోయాడు. సీతమ్మ కుట్టు పూర్తిచేసి, ముడేసి, పులిహోర కలపడానికి లోపలికెళ్ళింది. కోపంలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

అసలు ఈ ప్రయాణానికి ఆయన్ని ఒప్పించడమే ఒక ప్రయాణం. ఊటీ అంటే ఊఁ అనలేదు. అరకు అంటే ఉలుకూ పలుకూ లేదు. మహాబలేశ్వర్ అన్నప్పుడు మాత్రం పేరు చివర ఈశ్వరుడున్నాడు కాబట్టి, "క్షేత్రమా?" అని తల ఎత్తాడు. "పురాతన క్షేత్రం" అంది సీతమ్మ. గుడి ఉన్నమాట నిజమే. తను గుడి కోసం వెళ్ళడం లేదన్న మాట మాత్రం మింగేసింది.

ఆవిడ ఇన్నేళ్ళ జీవితంలో చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళికో, చావుకో, మొక్కుకో. వెళ్ళిందల్లా ఎవరో ఒకరి ఊరికే. కానీ ఊరికే ఎప్పుడూ వెళ్ళలేదు. ఈసారి ఊరికే వెళ్ళాలి. ఏ పనీ లేని చోట, దుప్పటి కప్పుకుని, మంచు చూస్తూ టీ తాగాలి. ఇప్పుడు కాకపోతే జూన్ వస్తుంది, సాహిత్యకు బడి, ఆయనకు నారుమడి, తనకు వంటగది. మళ్ళీ అదే చక్రం.

సీతమ్మ గేటు గొళ్ళెం పెట్టి బండి ఎక్కింది.

"హన్మాండ్లూ, కల్లానికి పోనీ."

డ్రైవర్ హన్మాండ్లు అద్దంలోంచి చూశాడు. "అమ్మా, బోధన్ దిక్కు పోవాలె గద మనం?"

"దారిలో దేవుణ్ణి ఎక్కించుకుని పోదాం."

*

కల్లంలో వడ్ల కుప్పలు రోడ్డు పొడుగునా పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. జగ్గారావు పంచె ఎగగట్టి వడ్లలో కాళ్ళీడుస్తూ చాళ్ళు తీస్తున్నాడు, కింది గింజ పైకి రావాలని. పక్క కుప్పలో భూమన్న కూడా అదే పని చేస్తున్నాడు. ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండేందుకు అంత క్రమశిక్షణగా నడిచేవాళ్ళు పోలీసు పరేడ్‌లో కూడా ఉండరు.

ఉగాది ముందు కాలువ నీళ్ళ వంతు దగ్గర మొదలైంది గొడవ. భూమన్న వంతు నడుస్తుండగానే జగ్గారావు తూము ఎత్తాడు. టైమైందని ఆయన, కాలేదని భూమన్న. అప్పటినుంచి మాటల్లేవు. కుప్పలు మాత్రం సెంటరువాళ్ళు పక్కపక్కనే పోయించారు. కుప్పల మధ్య జానెడు సందు, మనసుల మధ్య నిజాంసాగర్ కాలువ.

బండి ఆగగానే భూమన్నే ముందు పలకరించాడు.

"ఏందక్కా సీతక్కా, పెట్టెబేడ సదురుకొని యాడికి సవారీ?"

"మహాబలేశ్వర్ భూమన్నా. చల్లగా ఉంటుందట."

"మంచిగుంటదంటరు. నేను సోలాపూర్ దాన్క పోయిన గని గంత దూరం పోలె. మరి మీ పెనిమిటి కూడా వస్తుండా?"

"రావట్లేదని చెప్పు" అన్నాడు జగ్గారావు, భూమన్నకు రెండు బారల దూరంలోంచి, సీతమ్మ వైపు చూస్తూ.

"ఎందుకు రాడో అడుగక్కా."

"కుప్పకి కాపలా ఎవరుంటారో అడుగు."

"నేనున్న గద. నా కుప్ప కాడ ఎట్లైన ఉంటున్న. పక్క కుప్ప కనవడదా? నాకు కండ్లున్నయని చెప్పు."

"ఆ కళ్ళు గడియారం చూడ్డానికి పనికిరాలేదేం, కాలువ దగ్గర, అని అడుగు."

భూమన్న కాలు ఆగింది. జగ్గారావు కాలూ ఆగింది. చుట్టుపక్కల కుప్పల్లో కాళ్ళన్నీ ఆగాయి. హమాలీలు గోనెల మీంచి లేచి కూర్చున్నారు.

"నేనేమన్నా తూమునా?" అంది సీతమ్మ. పెద్దగా అనలేదు. "మీ ఇద్దరి మాటలూ నాలోంచి పారడానికి? ఎత్తినప్పుడు ఎత్తుతారు, దించినప్పుడు దించుతారు."



సీతమ్మ చెప్పులు విడిచి భర్త కుప్ప ఎక్కింది. సరిగ్గా నడిమధ్య కూర్చుంది. భుజం మీది స్వెట్టరు తీసి, దులిపి, ముందు కుడిచెయ్యి, తరవాత ఎడమచెయ్యి తొడిగింది. ఒక్కో బొత్తం తీరుబడిగా పెట్టుకుంది.

"ఏంటే ఇది?" అన్నాడు జగ్గారావు, చుట్టూ చూసి గొంతు తగ్గించి.

"మహాబలేశ్వర్. మీరు అక్కడికి రానన్నారుగా. నేనే దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాను."

"తియ్యి. వడదెబ్బ తగులుద్ది."

"ఈ వడ్లకి తగలనిది నాకెందుకు తగులుద్దండీ? మీరు కాపలా ఉన్నారుగా. నన్ను కూడా కాళ్ళతో తిరగెయ్యండి, రెండు వైపులా ఎండుతాను."

హమాలీల్లోంచి ఎవరో, "తేమ మిషను తేండ్రా, అవ్వకు వెట్టి జూద్దాం. ఈమె పాసయ్యేటట్టే ఉన్నది" అన్నాడు. కల్లమంతా గొల్లుమంది. బండిలోంచి సాహిత్య కూడా నవ్వింది. "నానమ్మా, టోపీ కూడా ఇయ్యాల్నా?" అని అరిచింది.

"ఇవ్వవే" అంది సీతమ్మ.

టోపీ కిటికీలోంచి ఎగిరొచ్చి జగ్గారావు కాళ్ళ దగ్గర పడింది. ఆయన దాన్ని తీసి, దాంట్లో అంటిన గింజలు ఒక్కొక్కటే విదిలించి కుప్పలో వేశాడు. భార్యకు మాత్రం ఇవ్వలేదు.

భూమన్న నవ్వు ఆపుకుని తన కుప్ప అంచుకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, మీ ఆయనకు జెప్పు. నీళ్ళ కాడి లొల్లి నీళ్ళ కాడనే ఉండనీ. అది నేను మర్వలే, మర్వ గూడ మర్వ. గని ఇవి వడ్లు. మొగులై వానొస్తే కప్పేటోన్ని నేనున్న. కాంటా వస్తే తూకం కాడ నిలవడేటోన్ని నేనున్న. ఇగ పొమ్మను."

జగ్గారావు ఆకాశం వంక చూశాడు. ఉతికి ఆరేసిన పంచెలా ఉంది, ఒక్క మరక లేదు. భార్య వంక చూశాడు. మెడ మీంచి చెమట కారి స్వెట్టరు కాలరు నల్లబడుతోంది. బండి వంక చూశాడు. కోడలు, మనవరాలు, కొడుకు, ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"పరదా గోనెల పక్కన ఉంటుందని చెప్పు" అన్నాడు చివరికి.

"రోజు జూస్త లేనా, ఎర్కనే అని చెప్పక్కా" అన్నాడు భూమన్న.

జగ్గారావు వడ్లలోంచి కాళ్ళు బయటపెట్టి, దులుపుకుని, ఇంటికి వెళ్ళి పెట్టె తెచ్చుకోవాలేమోనన్నట్టు అటూ ఇటూ చూశాడు.

"మీ పెట్టె పైన ఉంది" అంది సీతమ్మ. "రాత్రే సర్దాను."

*

బోధన్ దాటేదాకా ఎవరూ నమ్మలేదు. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ చిమ్నీ వెనక్కి వెళ్ళిపోయాక, "తాతయ్య నిజంగనే వస్తుండు" అని సాహిత్య తండ్రి చెవిలో చెప్పింది. దిలీప్ పాటలు పెట్టాడు. సుచిత్ర పులిహోర పొట్లాలు విప్పింది.

"అత్తయ్యా, ఉప్పు..." అని ఆగిపోయింది.

"తిను. చెమటకి ఉప్పంతా పోయింది, తిరిగి పొయ్యాలిగా" అన్నాడు జగ్గారావు. రెండో పొట్లం కూడా తనే తిన్నాడు. ఆయన మనసు చల్లబడిందనడానికి సీతమ్మకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కానీ స్వెట్టరు విప్పలేదు. విప్పితే ప్రయాణం కూడా విడిపోతుందేమోనని భయం.

"అక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తదంట తాతయ్యా."

"బీడీ తాక్కుండానే?"

"తాక్కుండానే."

"అట్లైతే బీడీలు చుట్టే మా అవ్వల గంప బందైతది పాపా" అన్నాడు హన్మాండ్లు స్టీరింగు తిప్పుతూ.

"స్ట్రాబెర్రీ తోటలుంటాయి మామయ్యా, కొండవాలు మీద. మనమే కోసుకు తినొచ్చు" అంది సుచిత్ర.

"కొండ మీద తోటా?" జగ్గారావు ముందుకు వంగాడు. "కాలువ లేకుండా నీళ్ళెట్లా ఎక్కిస్తారమ్మా?"

"వెళ్ళి అడుగుదాం."

"అడుగుదాం. తెల్లారగట్టే వెళదాం, తడి పెట్టే టైమ్‌కి." మంకీ క్యాపు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని మెల్లగా తలకు తొడుక్కున్నాడు. అది మనవరాలిది కాబట్టి చెవుల దాకా రాలేదు. బండి మొత్తం నవ్వుతో ఊగింది.

సాలూర దాటి మంజీర వంతెన ఎక్కుతుండగా గాలి మారింది. కిటికీలోంచి ఒక్కసారిగా చల్లగా కొట్టింది. అందరూ మొహాలు బయటపెట్టారు.

"వచ్చేసింది, చలి వచ్చేసింది" అని సాహిత్య చప్పట్లు కొట్టింది.

"మనం వస్తున్నామని ఎదురొచ్చింది" అంది సీతమ్మ. కళ్ళు మూసుకుంది. జీవితంలో మొదటిసారి స్వెట్టరు లోపల స్వెట్ ఆరుతోంది.

"ఎదురు రాలేదమ్మా. ఎన్కలికెల్లి వస్తుంది" అన్నాడు హన్మాండ్లు అద్దంలోకి చూస్తూ.

వెనక, బోధన్ మీద, ఆకాశం నల్లగా ఉబ్బింది. జగ్గారావు తల తిప్పి చూశాడు. దిలీప్ పాట ఆపేశాడు. సీతమ్మ కళ్ళు తెరిచింది.

జగ్గారావు మళ్ళీ ముందుకు తిరిగి సర్దుకుని కూర్చున్నాడు.

"ఏం ఫర్వాలేదు. భూమన్న ఉన్నాడు."

ఉగాది తరవాత ఆ నోట్లోంచి ఆ పేరు ముందూ వెనకా తిట్టు లేకుండా రావడం ఇదే. సీతమ్మకు చల్లగాలి కంటే ఆ మాటే ఎక్కువ చల్లగా తగిలింది. నవ్వుతూ కిటికీ వైపు తిరిగింది.

టప్ మని ఏదో అద్దాన్ని కొట్టింది. టాపు మీంచి తాడు జారినట్టుంది, సామాను మీద కప్పినదాని చెంగు ఒకటి గాలికి కిందికి వేలాడి కొట్టుకుంటోంది. నీలం రంగు. లోపలివైపు పసుప్పచ్చ మాటు. యూరియా సంచి ముక్క. దాని చుట్టూ వంకరటింకర కుట్లు, కోపంలో కుట్టిన కుట్లు.

ఆవిడవే.

ఒక్క పరదా తొలగితే పొద్దుటినుంచి జరిగిందంతా కనిపించింది. కోపంలో ఆయన చేతులూపుకుంటూ వెళ్ళిపోయాడు. పరదా అరుగు మీదే ఉండిపోయింది. తను పులిహోరలో పడింది. అరుగు మీద కనిపించినదాన్ని కొడుకు సామాను మీద కప్పాడు. కల్లంలో అది గోనెల పక్కనే ఉందని ఆయన రోజూ పెట్టే అలవాటులో చెప్పాడు, భూమన్న రోజూ చూసే అలవాటులో నమ్మాడు.

బండిలో ఇంకెవరూ అటు చూడటం లేదు. సీతమ్మ చెయ్యి బయటపెట్టి ఆ చెంగు పట్టుకుంది. లోపలికి లాగి అద్దం ఎక్కిస్తే ఎవరికీ కనిపించదు. పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఒళ్ళోని సంచిలో ఫోను మోగింది. జగ్గారావుది. తెర మీద 'కాలువ భూమన్న' అని ఉంది. సీతమ్మ ఎత్తి హలో అంది.

"అక్కా, పరదా యాడ వెట్టిండు మీ ఆయన? గోనెలన్ని తిరగేసిన, లేదు. దుమారం లేసింది. మీది పల్లంల ఉన్నదని నా పరదా గుంజి మీ కుప్ప మీద కప్పిన. నా దాని మీద గోనెలు పర్సిన గని, గోనెలు ఆగుతయా? వాన ఇంకా రాలె. మీది యాడున్నదో జల్ది జెప్తే నా దాని మీద కప్పుకుంట."

"ఇక్కడుంది భూమన్నా" అని సీతమ్మ ఫోను దించింది.

"హన్మాండ్లూ, బండి ఆపు."

వంతెన దాటిన వెంటనే బండి పక్కకు ఆగింది. సీతమ్మ పరదా చెంగు లోపలికి లాగి భర్త ఒళ్ళో పెట్టింది. భూమన్న చెప్పిందంతా చెప్పింది. జగ్గారావు ఆ పసుప్పచ్చ మాటు మీద వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

"అరుగు మీదుంటే ఇంట్లోది అనుకున్నాను నాన్నా" అన్నాడు దిలీప్.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. తల మీంచి మంకీ క్యాపు తీసి మనవరాలి చేతిలో పెట్టాడు.

"తిప్పు బండి."

సాహిత్య టోపీని గుప్పిట్లో నలిపింది. సుచిత్ర అత్తగారి మొహం చూసింది.

బండి వెనక్కి తిరిగిందంటే మళ్ళీ ముందుకు తిరగదని సీతమ్మకు తెలుసు. ఒకప్పుడు భద్రాచలం బయల్దేరి, మోటారు ఆపడం మరిచానని ఆయన కోటగిరి దాటాక వెనక్కి తిప్పించాడు. ఆ భద్రాచలం ఇప్పటికీ కోటగిరి దగ్గరే ఉంది.

"బండి వద్దు" అంది. "వెనక్కి వెళ్ళాల్సింది పరదా. మనమంతా కాదు."

దిగింది. బండి వెనక నిచ్చెన పట్టుకుని తాడు ముడి అందుకుంది. దిలీప్ పరుగున దిగొచ్చాడు.

"అమ్మా, సామాను తడుస్తుంది. స్వెట్టర్లన్నీ అందులోనే ఉన్నాయి."

"స్వెట్టర్లు తడిస్తే ఆరతాయిరా. భూమన్న వడ్లు తడిస్తే మొలకెత్తుతాయి. లాగు."

పరదా కిందికి వచ్చింది. అదే సమయానికి బిలోలీ వైపు నుంచి బోధన్ వెళ్ళే ఎర్ర మహారాష్ట్ర బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. సీతమ్మ రోడ్డు మధ్యకెళ్ళి రెండు చేతులూ చాపింది. మే నెలలో స్వెట్టరు తొడుక్కున్న ఆడమనిషి రోడ్డుకడ్డం నిలబడితే ఏ డ్రైవరైనా ఆపుతాడు. ఆపాడు.

జగ్గారావు పరదా ఒక చివర చంకలో పెట్టుకుని బస్సు మెట్టెక్కాడు. ఇంకో చివర సీతమ్మ చేతుల్లో ఉంది. ఆవిడా కాలు ఎత్తి మెట్టు మీద పెట్టింది. వెనక బండిలో సాహిత్య కిటికీకి మొహం ఆనించి చూస్తోంది.

కండక్టరు టికెట్ల మిషను చేత్తో పట్టుకుని, "కితీ?" అని మరాఠీలో ఎన్ని టికెట్లో అడిగాడు.

"దోన్" అన్నాడు జగ్గారావు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఏ బస్సెక్కినా రెండే చెబుతాడు. వెనక ఆవిడ ఉందో లేదో ఎప్పుడూ చూడలేదు, చూడాల్సిన అవసరం రాలేదు.

బోధన్ అంగట్లో మరాఠీ వాళ్ళ దగ్గర ఉల్లిగడ్డలు బేరమాడి బేరమాడి సీతమ్మకు అంకెలు వచ్చు.

"ఏక్" అంది. పరదాతో ఒకరు వెళితే చాలు, ఇంకొకరు బండిలో ముందుకి.

జగ్గారావు ఇప్పుడు తిరిగి చూశాడు. కండక్టరు ఆయన్నీ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. స్వెట్టరు భుజం మీద మొదటి చినుకు పడి నల్లగా ఇంకింది.

"ఏక్?" అన్నాడు కండక్టరు, వచ్చీరాని తెలుగుకి మారి. "ఎవరికి?"

సీతమ్మ మెట్టు మీంచి కాలు తియ్యలేదు. పరదా చివరా వదల్లేదు.